పక్క మనిషి కోసం ఏం వదులుకోగలం? అమెరికన్ నవలలు నేర్పిన పాఠాలు

డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు చెప్పిన రోజుల్లో అమెరికన్ నవలల్ని ఇతివృత్తం, పాత్రచిత్రణ, శిల్పం అంటూ విడదీసి చెప్పక తప్పేది కాదు. పరీక్షలో అలాగే అడుగుతారు. రిటైరయ్యాక తొందర లేకుండా మళ్లీ చదువుతుంటే ఆ పుస్తకాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నట్టు తోచింది. ఊరు, చట్టం, మతం, డబ్బు అన్నీ ఒక వైపు చేరి, ఒక్క మనిషి మాత్రం రెండో వైపు మిగిలితే నువ్వెటు నిలబడతావు? ఆ మనిషి కోసం ఏం వదులుకుంటావు? స్నేహం గురించీ, కలల గురించీ ఆ నవలల నుంచి నేను తెలుసుకున్నదంతా ఈ ప్రశ్నలోంచే వచ్చింది. అమెరికా వెళ్లబోతూ చెప్పి వెళ్దామని వచ్చే పిల్లలకు ఈ మాటలే చెబుతుంటాను. అక్కడి జీతాలు, వీసాలు, చలి గురించి వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. ఆ దేశం తన గురించి తాను రాసుకున్న కథలు మాత్రం చాలామందికి తెలియవు.

1. తోడుగా ఉండేవాణ్ణి లోకం ముందు అనుమానిస్తుంది.

జాన్ స్టెయిన్‌బెక్ 1937లో రాసిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయలో, సొలెదాద్ ఊరి దగ్గర జరుగుతుంది. అది ఆర్థిక మాంద్యం కాలం. దుప్పట్లు చుట్టి భుజాన వేసుకుని ఒక కమతం నుంచి ఇంకో కమతానికి ఒంటరిగా తిరిగే కూలీలు. నెల జీతం చేతికి రాగానే ఊళ్లోకి పోయి తగలేసి, మళ్లీ ఇంకెక్కడో పనికి చేరేవాళ్లు. స్టెయిన్‌బెక్ యవ్వనంలో ఇలాంటి పొలాల్లో పనిచేశాడు, అందుకే ఆ పాకలు, మంచాలు, మాటలు అంత కళ్లకు కట్టినట్టుంటాయి.

ఆ ఒంటరి మనుషుల మధ్యకు జార్జ్, లెన్నీ ఇద్దరూ కలిసి వస్తారు. లెన్నీది కొండంత శరీరం, పసివాడి బుద్ధి. యజమాని అడిగిన ప్రశ్నలకు లెన్నీ బదులు జార్జ్ జవాబు చెప్పేసరికి యజమానికి వెంటనే అనుమానం వస్తుంది: వీడి జీతం నువ్వు కాజేస్తున్నావా? జార్జ్ అబద్ధమాడాల్సి వస్తుంది. ఇతను మా చుట్టం, చిన్నప్పుడు గుర్రం తలమీద తన్నింది అంటాడు. చుట్టరికం ఉంటే లోకానికి అర్థమవుతుంది. ఏ రక్తసంబంధం, ఏ లాభం లేకుండా ఒకణ్ణి కనిపెట్టుకుని ఉండటం అర్థం కాదు. స్లిమ్ అనే కంచరగాడిదల బండి తోలే మనిషికి మాత్రమే ఆ విలువ తెలుస్తుంది. ‘నీకేంటి లాభం?’ అని ఎవరైనా అడిగితే, చెప్పడానికి ఏమీ లేకపోయినా సిగ్గుపడకండి.

2. కల లెక్కల్లోకి దిగాలి, దానికి రెండో మనిషి కావాలి.

జార్జ్, లెన్నీల కల ఇది: పదెకరాల నేల, చిన్న ఇల్లు, గాలిమర, కోళ్లు, లెన్నీకి కుందేళ్లు. లెన్నీకి అది రాత్రిపూట చెప్పించుకునే కథ. చెప్పే జార్జ్‌కే మొదట్లో దానిమీద నమ్మకం లేదు. అది నిజమయ్యే అవకాశం ఎప్పుడొచ్చిందో గమనించండి. యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్న కాండీ అనే ముసలి ఊడ్చే పనివాడు పక్క మంచం మీంచి ఆ కథ విన్నాడు. తన దగ్గర మూడు వందల డాలర్లున్నాయని, నెలాఖరుకు ఇంకో యాభై వస్తాయని, తననూ కలుపుకోమని అడిగాడు. అందులో రెండు వందల యాభై ఆ పోయిన చేతికి ఇచ్చిన పరిహారం. ఆ నేల ధర ఆరు వందలు. నెలంతా పైసా ఖర్చు పెట్టకపోతే జార్జ్, లెన్నీల చేతికి వంద వస్తుంది. మొత్తం నాలుగు వందల యాభై. మిగతాది తర్వాత తీర్చవచ్చు.

ఆ లెక్క పూర్తయ్యాక ముగ్గురూ నోటమాట రాక కూర్చుండిపోతారు. క్లాసులో నేను ఈ పేజీ దగ్గర చాలాసేపు ఆగేవాణ్ణి. ఇన్నేళ్లుగా జార్జ్ నోటితో చెప్పిందేదీ చేయలేని పని ఒక ముసలివాడి పొదుపు చేసింది. మనవాళ్లు కలల గురించి మాట్లాడేటప్పుడు పట్టుదల, కృషి అంటారు. నిజమే. కాని ఒక్కడి పట్టుదలతో ఆ పదెకరాలు రావు. తన ఒక్కగానొక్క మూట విప్పి మీ ముందు పెట్టే కాండీ ఒకడు కావాలి. మీరూ ఇంకొకరికి కాండీ కావాలి.

3. కల బయట నిలబెట్టినవాళ్లను చూడండి.

అదే కమతంలో క్రూక్స్ అనే నల్లజాతి మనిషి గుర్రాల సాలలో ఒంటరిగా ఉంటాడు. మిగతావాళ్లు పడుకునే పాకలోకి అతనికి ప్రవేశం లేదు. అతని గదిలో 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ పుస్తకం, నలిగిపోయిన ప్రతి ఒకటి ఉంటుంది. చట్టం చదువుతాడు, ఆ చట్టం తనకు పనికిరాదని తెలిసీ చదువుతాడు. పదెకరాల మాట విని మొదట వెక్కిరిస్తాడు, తర్వాత నెమ్మదిగా తననూ రానిస్తారా అని అడుగుతాడు, జీతం లేకుండానే పనిచేస్తానంటాడు. యజమాని కోడలు వచ్చి, నేనొక్క మాటంటే నిన్ను చెట్టుకు వేలాడదీస్తారు అని బెదిరించగానే మనిషి ముడుచుకుపోయి, అడిగింది మర్చిపొమ్మంటాడు.

ఆ కోడలికి నవలంతా వెతికినా పేరు కనిపించదు. కర్లీ భార్య, అంతే. సినిమాల్లోకి వెళ్లాలని ఆమెకూ ఒక కల ఉండేది. బలహీనురాలైన ఆమె తనకన్నా బలహీనుణ్ణి తొక్కింది. అణగారినవాళ్లంతా సహజంగానే ఒకటవుతారని నమ్మే ఆదర్శవాదులు ఈ అధ్యాయం తప్పక చదవాలి.

4. క్షమాపణకు పదిహేను నిమిషాలు పడుతుంది.

ఇక మార్క్ ట్వేన్. ‘హకల్‌బెరీ ఫిన్’ ఇంగ్లండులో 1884లో, అమెరికాలో 1885లో వచ్చింది. నండూరి రామమోహనరావుగారి అనువాదం పుణ్యమా అని మన తరం చాలామందికి హక్ చిన్నప్పుడే తెలుసు. పిల్లల సాహసకథ అనుకుని చదివాం. పెద్దయ్యాక మళ్లీ చదవని వాళ్లు సగం పుస్తకమే చదివినట్టు.

తాగుబోతు తండ్రి బారినుంచి పారిపోయిన హక్, తనను ఎనిమిది వందల డాలర్లకు న్యూ ఆర్లియన్స్ వ్యాపారికి అమ్మేస్తారని విని పారిపోయిన బానిస జిమ్, ఇద్దరూ తెప్ప మీద మిసిసిపీ నది వెంట దిగువకు పోతుంటారు. ఒక రాత్రి మంచులో విడిపోతారు. జిమ్ ఏడ్చి ఏడ్చి, అలసి నిద్రపోయాక హక్ తెప్ప మీదికి తిరిగొచ్చి, అసలేమీ జరగలేదు, అంతా నీ కలే అని ఆటపట్టిస్తాడు. నిజం తెలిశాక జిమ్ గట్టిగా అరవడు. స్నేహితుణ్ణి అవమానించి సిగ్గుపడేలా చేసేవాళ్లే చెత్త అని చెప్పి, లేచి లోపలికి వెళ్లిపోతాడు. హక్‌కు వెళ్లి క్షమాపణ అడగడానికి మనసు ఒప్పేసరికి పదిహేను నిమిషాలు పట్టిందట. తెల్ల పిల్లవాడు బానిస ముందు తలవంచడం ఆ సమాజంలో ఊహకందని పని. అడిగినందుకు తర్వాత ఎప్పుడూ చింతించలేదనీ చెబుతాడు. ఆ నవల మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన భాగం ఇదే. తర్వాత వచ్చే పెద్ద నిర్ణయానికి పునాది ఇక్కడే పడింది. ఈ క్షమాపణ లేకపోతే ఆ నిర్ణయం లేదు.

5. నీకు నేర్పిన మంచి చెడ్డదై ఉండవచ్చు.

జిమ్‌కూ ఒక కల ఉంది. బానిసత్వం లేని రాష్ట్రం చేరి, కూలి చేసి, ప్రతి సెంటూ దాచి, భార్యను కొనుక్కుంటాడు. ఇద్దరూ కష్టపడి ఇద్దరు పిల్లల్ని కొనుక్కుంటారు. యజమాని అమ్మనంటే ఎవరిచేతనైనా దొంగిలింపజేస్తాడు. ఇది విని హక్ ఉలిక్కిపడతాడు. తనకే అపకారం చేయని ఒక యజమాని పిల్లల్ని ఎత్తుకుపోతానంటున్నాడే అని బాధపడతాడు. ‘యజమాని పిల్లలు’ అంటే జిమ్ సొంత బిడ్డలే. బానిసత్వం ఒక పిల్లవాడి బుర్రలోకి ఎంత లోతుగా దిగిందో చూపించడానికి ఇంతకన్నా బలమైన సన్నివేశం నాకు తెలియదు.

నది మీద ఇద్దరు తుపాకీ మనుషులు పారిపోయిన బానిసల కోసం వెతుకుతూ ఎదురైనప్పుడు, తెప్ప మీద మశూచి ఉందని అనిపించేలా మాట్లాడి హక్ జిమ్‌ను కాపాడతాడు. వాళ్లు జాలిపడి చెరో ఇరవై డాలర్ల బంగారు నాణెం ఇచ్చి తప్పుకుంటారు. కొన్నాళ్లకు ‘రాజు’ అని చెప్పుకునే మోసగాడు జిమ్‌ను నలభై డాలర్లకు అమ్ముకుంటాడు. అప్పుడు హక్ జిమ్ యజమానురాలు మిస్ వాట్సన్‌కు ఉత్తరం రాస్తాడు, మీ బానిస ఫలానా చోట ఉన్నాడని. రాయగానే పాపం కడుక్కున్నంత తేలిగ్గా ఉంటుంది. ఎందుకంటే సండే స్కూలు, చట్టం, పెద్దమనుషులు, అందరూ అదే సరైనదని నేర్పారు. తర్వాత కాగితం పక్కన పెట్టి ఆలోచిస్తాడు. జిమ్ తన వంతు కాపలా అయిపోయినా హక్‌ను నిద్రలేపకుండా అతని వంతూ కాపలా కాసిన రాత్రులు గుర్తొస్తాయి. మంచులోంచి తిరిగొచ్చినప్పుడు జిమ్ పొందిన ఆనందం గుర్తొస్తుంది. నరకానికి పోతే పోతాను అనుకుని ఉత్తరం చింపేస్తాడు.

ఇక్కడ చాలామంది పొరపాటుగా చదువుతారు. బానిసత్వం తప్పని హక్ తెలుసుకోలేదు. తాను చేసేది పాపమనే నమ్ముతూ, శిక్షకు సిద్ధపడి చేశాడు. హృదయం మంచిదై, మనస్సాక్షి వంకరదైతే ఆ రెండింటి పోరులో మనస్సాక్షి ఓడిన కథ ఇదని ట్వేన్ తర్వాత ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మనస్సాక్షి చెప్పినట్టు నడుచుకో అని పిల్లలకు చెప్పే ముందు, ఆ మనస్సాక్షికి పాఠాలు ఎవరు చెప్పారో కూడా అడగమనండి. మన దగ్గరా ఫలానావాళ్ల చేతి నీళ్లు తాగకూడదని, ఫలానా గడప తొక్కకూడదని నిష్ఠగా పాటించినవాళ్లంతా తాము ధర్మం తప్పలేదనే అనుకున్నారు.

6. స్నేహితుడి బాధతో ఆడుకునేవాడు టామ్ సాయర్.

నవల చివర్లో హక్ స్నేహితుడు టామ్ వస్తాడు. మిస్ వాట్సన్ చనిపోయి రెండు నెలలైందనీ, వీలునామాలో జిమ్‌కు స్వేచ్ఛ ఇచ్చిందనీ అతనికి ముందే తెలుసు. అయినా చెప్పకుండా, సాహసకథల్లోలా తప్పించాలని, జిమ్‌ను బంధించిన గదిలోకి ఎలుకలు, పాములు పంపిస్తాడు. ఆ పిచ్చి ఆటలో టామ్ కాలికి గుండు తగిలితే, వైద్యుణ్ణి తేనిదే కదలనని జిమ్ ఆగిపోయి మళ్లీ పట్టుబడతాడు. చివర టామ్ జిమ్‌కు ఓపిక పట్టినందుకు నలభై డాలర్లు ఇస్తాడు. నది మీది తుపాకీ మనుషులు ఇచ్చినది నలభై, మోసగాడు పుచ్చుకున్నది నలభై, టామ్ బహుమతి నలభై. ట్వేన్ కావాలనే పెట్టాడని నా నమ్మకం.

ఈ ముగింపు నవలను పలుచన చేసిందని విమర్శకులు చాలాకాలంగా అంటున్నారు, నేనూ వాళ్ల పక్షమే. జిమ్ అంత పెద్దమనిషిని ఆటబొమ్మ చేయడం చదువుతుంటే గుండె మండుతుంది. పర్సివల్ ఎవరెట్ 2024లో ‘జేమ్స్’ అనే నవలలో ఇదే కథను జిమ్ నోట చెప్పించాడు. దానికి 2025లో పులిట్జర్ బహుమతి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవవలసిన పుస్తకాలు.

7. ఒకడి పంతానికి ఓడంతా మునుగుతుంది.

మెల్విల్ ‘మోబీ డిక్’ 1851 నాటిది. తెల్ల తిమింగలం మీద పగ తీర్చుకోవాలన్న కెప్టెన్ అహాబ్ కోరికకు ఓడలోనివాళ్లంతా బలైపోతారు, కథ చెప్పే ఇష్మాయెల్ ఒక్కడు తప్ప. స్టార్‌బక్ అనే సహాయాధికారికి ఇదంతా ముందే తెలుసు. నిద్రపోతున్న అహాబ్ గది తలుపు ముందు తుపాకీ పట్టుకుని నిలబడి, తిరిగి దాని చోట పెట్టేస్తాడు. చంపకపోవడం ధర్మమే. కాని ఆ తర్వాత నోరు మూసుకుని ఆజ్ఞలు అమలు చేయడం? సముద్రంలో తప్పిపోయిన కొడుకు కోసం వెతకడానికి సాయం చేయమని ఇంకో ఓడ కెప్టెన్ బతిమాలితే అహాబ్ కాదన్నాడు. ఆ రోజైనా నావికులంతా ఎదురు తిరగాల్సింది.

8. నీ విందుకు వచ్చినవాళ్లు నీ శవం వెంట రారు.

స్కాట్ ఫిట్జెరాల్డ్ ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ 1925లో వచ్చింది. కథాకాలం 1922 వేసవి, మద్యనిషేధం రోజులు. పేద రైతు కొడుకు జేమ్స్ గాట్జ్ పేరు మార్చుకుని, దొంగసారా డబ్బుతో లాంగ్ ఐలాండ్‌లో భవనం కొని, పోగొట్టుకున్న డెయిజీ కోసం వందలమందికి విందులిస్తాడు. డెయిజీ కారు నడుపుతూ ఒకామెను గుద్ది చంపితే నేరం తన మీద వేసుకుంటాడు, ఆ కారణంగానే హత్యకు గురవుతాడు. డెయిజీ ఒక్క పువ్వు కూడా పంపలేదు. ఆ ఇంట్లో నెలల తరబడి తిని పడుకున్న ఒక అతిథి ఫోన్ చేసి, మర్చిపోయిన టెన్నిస్ బూట్లు పంపమని అడుగుతాడు.

చివర తండ్రి వస్తాడు, కొడుకు చిన్నప్పుడు ఒక పుస్తకం వెనక రాసుకున్న దినచర్యను చూపిస్తాడు. ఆరింటికి లేవడం, వ్యాయామం, చదువు, డబ్బు పొదుపు, అమ్మానాన్నలతో ఇంకా మంచిగా ఉండటం. దాని మీద 1906 తేదీ ఉంటుంది. ఆ కాగితానికీ మన ఇళ్లలో కోచింగ్ పిల్లల గోడల మీద అంటించే టైంటేబుల్‌కూ ఏమాత్రం తేడా లేదు. అందులో చెడ్డ మాట ఒక్కటీ లేదు. అంత మంచి పిల్లవాడు ఎక్కడ దారి తప్పాడు? ఒక మనిషిని కలగా మార్చుకున్నచోట. డెయిజీ పక్కనున్నా అతనికి డెయిజీ కనపడలేదు, అయిదేళ్లనాటి తన ఊహ కనపడింది. దేన్నైనా కలగా పెట్టుకోండి, మనిషిని మాత్రం పెట్టుకోకండి.

9. ఓడిపోతామని తెలిసీ మొదలుపెట్టిన పనులే నిలుస్తాయి.

హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ 1960లో వచ్చింది. మరుసటి ఏడాది పులిట్జర్. అలబామాలోని ఒక చిన్న ఊళ్లో, టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి మనిషి మీద పెట్టిన తప్పుడు అత్యాచార కేసులో అతని తరఫున వాదించే అటికస్ ఫించ్ కథ ఇది. కేసు ఓడిపోతారు. అయినా జ్యూరీ గంటల తరబడి బయటికి రాలేదు. ఆ ఆలస్యానికి కారణం జ్యూరీలో ఉన్న, కనింగ్‌హామ్ అనే కుటుంబపు బంధువు ఒకడు. ఆ కుటుంబపు మనిషే ఇంకొకడు అంతకుముందు జైలు ముందు గుంపుతో కలిసి టామ్‌ను చంపడానికి వచ్చాడు. అటికస్ కూతురు, చిన్నపిల్ల స్కౌట్ అతన్ని గుర్తుపట్టి, అతని కొడుకు గురించి పలకరించేసరికి సిగ్గుపడి గుంపును వెనక్కి తీసుకెళ్లాడు. గుంపులోని ఒక్కణ్ణి పేరుపెట్టి పిలవగలిగితే గుంపు చెదురుతుంది.

ఈ నవల పుట్టుక వెనకా ఒక స్నేహం ఉంది. 1956 క్రిస్మస్‌నాటికి హార్పర్ లీ న్యూయార్కులో విమానాల టికెట్లు రిజర్వు చేసే గుమాస్తా. మైకేల్, జాయ్ బ్రౌన్ అనే మిత్ర దంపతులు ఆమెకు ఒక కవరు ఇచ్చారు: ఉద్యోగం మానెయ్, ఏడాదిపాటు నీ ఖర్చు మాది, నీకిష్టమైంది రాసుకో. కాండీ ఇవ్వబోయి ఇవ్వలేకపోయింది వాళ్లు ఇచ్చారు.

10. జార్జ్ చేసింది తప్పా?

క్లాసులో ఎప్పుడూ తేలని ప్రశ్న ఇది. మెత్తగా ఉన్నదాన్ని నిమరడం తప్ప ఇంకేమీ తెలియని లెన్నీ, తెలియకుండానే కర్లీ భార్యను చంపేస్తాడు. కర్లీ తుపాకీ పట్టుకుని, చిత్రవధ చేస్తానని బయలుదేరుతాడు. నది ఒడ్డున పొదల్లో దాక్కున్న లెన్నీ దగ్గరికి జార్జ్ ముందే చేరుకుని, అవతలి ఒడ్డుకు చూడమని, పదెకరాల కథ చివరిసారి చెబుతూ కాలుస్తాడు. అంతకుముందు కాండీ తన ముసలి కుక్కను కార్ల్‌సన్ అనే పరాయివాడితో కాల్పించినందుకు, ఆ పని తన చేత్తో చేయాల్సిందని బాధపడిన మాట జార్జ్ చెవిలో పడింది.

నా తీర్పు ఇది. అది హత్యే, దాన్ని త్యాగమని పిలవడానికి నాకు నోరు రాదు. కాని ఆ బరువును ఇంకొకరి చేతికి వదలకుండా తానే మోసినందుకు జార్జ్‌ను నిందించడానికీ నోరు రాదు. నా కోపమంతా అంతకుముందు జరిగినదాని మీద. బుద్ధి ఎదగని ఒక మనిషి బతకడానికి ఆ విశాలమైన దేశంలో సంకెళ్లు లేని చోటు లేకపోయింది. ఉన్న ఒక్క చోటు ధర ఆరు వందల డాలర్లు, వాళ్ల నెలాఖరు లెక్కకు కూడా నూట యాభై తక్కువైంది.

కాల్పుల తర్వాత స్లిమ్ జార్జ్‌ను పట్టుకుని తీసుకెళుతుంటే, వాళ్లిద్దరికీ ఏమైందో కార్ల్‌సన్‌కు అర్థం కాదు. మీలో ఎవరూ కార్ల్‌సన్ కాకూడదని కోరుకుంటున్నాను.

ఇవన్నీ ఒకేసారి చదవనక్కరలేదు. స్టెయిన్‌బెక్ నవల వంద పేజీలకు కాస్త ఎక్కువ, దానితో మొదలుపెట్టండి. తర్వాత హక్, ఆ వెంటనే ‘జేమ్స్’. ఏది చదివినా ఒక మిత్రుడితో కలిసి చదవండి, పదో పాఠం దగ్గర ఇద్దరూ గట్టిగా వాదించుకోండి.